పక్కింటి చేతి పట్టీ

సుధారాణి గిన్నెలోని అన్నాన్ని గరిటె వెనకవైపుతో మెదుపుతోంది. మెతుకు కనపడకూడదు. పప్పుచారు మీద తేరిన నీళ్లను మాత్రమే వంచుకుంటోంది. ఒక్క పప్పు బద్ద అడ్డం పడినా అత్తమ్మ సరోజనకు పొలమారుతుంది. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆమెకు మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది, గొంతు సగమే పనిచేస్తోంది. కళ్లు మాత్రం ఎప్పటిలాగే కోడలి పనిలో వంకలు వెతుకుతుంటాయి.

సుధారాణి చేతికున్న పట్టీ చిన్నగా అదిరి, తియ్యటి గొంతుతో పలికింది.

“నమస్కారం పుష్పలీల గారూ. సుధారాణి గారింట్లో మీ భోజన సేవ మొదలైంది. మీ శ్రమే దేశానికి బలం.”

“షురువైంది దీని పురాణం,” అని సుధారాణి గొణుక్కుంది.

గోడ అవతలినుంచి అసలు పుష్పలీల గొంతు వినిపించింది. “సుధా, నా పట్టీ జర పైలం. నిన్న మొత్తం పసుపు అంటిచ్చి ఇచ్చినవ్.”

“నా దానికి నువ్వు జావ పూసి ఇయ్యలేదా అక్కా? ఆఫీసుల పక్క సీటాయన ముక్కు మూసుకున్నడు.”

సరోజన ఎడమచేత్తో మంచం పట్టె మీద తట్టింది. ముచ్చట్లు చాలించి ముద్ద పెట్టమని దాని అర్థం.

హన్మకొండలో గుట్ట కిందున్న ఆ వాడంతా పొద్దున్నే ఇదే తంతు. వెనకటికి గోడల మీంచి కూర గిన్నెలు చేతులు మారేవి. ఇప్పుడు పట్టీలు మారుతున్నాయి. దీనికంతటికీ మూలం సుధారాణి పనిచేసే పరిశోధన కేంద్రమే. అక్కడ తయారైన కృత్రిమ మేధకు ప్రభుత్వం పెట్టిన పేరు ‘వృద్ధి’. వాడకట్టు ఆడవాళ్లు పెట్టిన పేరు లెక్కలమ్మ.

లెక్కలమ్మకు అప్పజెప్పిన పని వినడానికి చిన్నదే. దేశంలో జరుగుతూ కూడా ఎవరికీ కనపడని శ్రమ ఎక్కడుందో వెతికి, దాన్ని ఆదాయంగా మార్చే దారి చెప్పాలి. అది కొండలూ గనులూ వెతుకుతుందనుకున్నారు. అది నేరుగా వంటిళ్లలోకి వచ్చి కూర్చుంది. ఎవరింట్లో వాళ్లు వండుకుని, ఎవరి పిల్లలకు వాళ్లు స్నానం చేయించి, ఎవరి ముసలివాళ్లకు వాళ్లు తినిపిస్తే దేశానికి ఏమీ రాదు. అదే పని పక్కింట్లో చేస్తే అది ఉద్యోగం. పక్కింటావిడ వచ్చి నీ ఇంట్లో చేస్తే ఇంకో ఉద్యోగం. రెండు జీతాలు, రెండు పన్నులు. ఆ సలహా తెర మీదకు వచ్చినరోజు కేంద్రంలో అందరూ పడీపడీ నవ్వారు. కేంద్రం పెద్ద సదానందం సార్ కూడా నవ్వాడు. ఢిల్లీవాళ్లు నవ్వలేదు.

తర్వాత ప్రతి చేతికీ పట్టీ వచ్చింది. ఎవరు ఎవరింటికి వెళ్లాలో పట్టీ చెబుతుంది. జీతం అందులోనే పడుతుంది, ఆస్పత్రి మందులూ రేషనూ దానితోనే వస్తాయి. సుధారాణికి పుష్పలీల తల్లి ఆగమ్మకు తినిపించే పని పడింది. పుష్పలీలకు సరోజనకు తినిపించే పని పడింది. పుష్పలీల ఇచ్చిన జీతాన్ని సుధారాణి తిరిగి పుష్పలీలకే జీతంగా ఇవ్వాలి. వచ్చింది వచ్చినట్టే గోడ దాటి పోయేది. ఇద్దరి దగ్గరా మిగిలేది పన్ను, అదీ కట్టవలసిన పన్ను.

అదైనా ఓర్చుకునేవారే. కానీ మొదటి రోజుల్లో నిజంగానే ఇళ్లు మారారు. మంచానపడ్డ ఆగమ్మ సుధారాణిని చూసి, “ఎవతివే నువ్వు, నా బిడ్డేది?” అని గిన్నె తోసేసింది. ఇవతల సరోజన పళ్లు బిగబట్టుకుని పుష్పలీల వైపు చూడనైనా చూడలేదు. ఇద్దరు ముసలివాళ్లూ పస్తులున్నారు. చివరికి ఒక పొద్దున పుష్పలీల విసుగొచ్చి తన పట్టీ ఊడదీసి గోడ మీద పెట్టింది.

“మనం పోవుడెందుకు సుధా? ఇది పోతె సాలు.”

ఆ మాట వాడంతా పాకింది.

*

కేంద్రంలో ఆ రోజు మిఠాయి పంచారు. తెర మీద దేశాదాయపు గీత గుట్ట ఎక్కుతున్నట్టు పైకి పోతోంది. సదానందం సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయనది మామూలుగా పీలగా ఉండే గొంతు. ఆ రోజు మరీ పీలగా ఉంది.

“లెక్కలమ్మ రెండో మెట్టు ఎక్కుతున్నది,” అన్నాడు. “దేశం మొత్తం మీద ఎవరి చెయ్యి మంచిదో పట్టుకున్నది. ఆ మంచి చేతులను ఒక్కకాడికి తెచ్చి, మిగతోళ్లకు నేర్పిస్తదట. కేంద్రం నాగపూర్ల పెడుతున్నరు. పోయినోళ్లు పని ఒడిసేదాక అక్కడనే ఉండాలె.”

తెర మారింది. భోజన సేవలో దేశంలోకెల్లా మొదటి పేరు: పుష్పలీల, హన్మకొండ. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలోని చరణ్ ఊరుకోక రాష్ట్రం జాబితా తెరిచి అడుగుదాకా దించాడు. రాష్ట్రంలో చివరి పేరు: సుధారాణి, హన్మకొండ.

“మేడం, మీ చేతి బువ్వ తింటె మనిషి బతుకుడు కష్టమేనట,” అన్నాడు. “మాకు తెచ్చే టిఫిన్ డబ్బా రేపటి నుంచి వద్దు మేడం.”

అందరూ నవ్వారు. సుధారాణి నవ్వలేదు. ఆ లెక్క ఎట్లా వచ్చిందో ఆ గదిలో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. దాన్ని తయారుచేసింది ఆమే. గొంతు పక్కన అంటించుకునే చిన్న బిళ్ల అది. ముద్ద ఎట్లా దిగిందో, ఎక్కడ ఆగిందో, తిన్నవాళ్ల ఊపిరి నెమ్మదిగా ఉందో బెదిరిందో అది వింటుంది. అత్తమ్మకు మొదటిసారి పొలమారి ముఖం నల్లబడిన రోజు సుధారాణికి ఆ ఆలోచన వచ్చింది. చేతిపట్టీ ఉన్న మనిషి దగ్గర లేకుండా ముద్ద దిగితే బిళ్ల కూత పెట్టేలా చేసింది కూడా ఆమే. ముసలివాళ్లు ఒంటరిగా తింటూ ప్రాణం మీదికి తెచ్చుకోకూడదని. లెక్కలమ్మ ఆ బిళ్లను తీసుకుని, దానితో చేతులకు మార్కులు వేయడం నేర్చుకుంది.

పుష్పలీల పట్టీ కట్టుకుని సుధారాణి తన అత్తమ్మకు తినిపించింది. సరోజన హాయిగా తిన్నది. పుష్పలీల మొదటి స్థానానికి చేరింది. సుధారాణి పట్టీ కట్టుకుని పుష్పలీల తన తల్లికి తినిపించింది. ఆగమ్మకు జావ రెండు చెంచాలు దిగడమే గగనం. సుధారాణి అడుక్కి పోయింది.

మిఠాయి అట్లాగే పట్టుకుని ఆమె సదానందం సార్ గదిలోకి పోయింది. ఆయన తలుపు వేయమని సైగ చేశాడు. పట్టీల సంగతంతా ఆమె చెప్పేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

“పుష్పలీలక్కను పంపొద్దు సార్. ఆ మార్కులు ఆమెవి కావు, నావి. ఆమె తల్లి ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నది. నేను రాసిస్త, నా మీద చర్య తీసుకోండి.”

సదానందం సార్ చొక్కా చెయ్యి పైకి జరిపాడు. పట్టీ మీద ‘రమాదేవి’ అని వెలుగుతోంది.

“మా ఎదురింటామె,” అన్నాడు. “ఆమె పేరు మీద నేను మా నాయనకు గడ్డం గీస్తున్న. వేరేటోళ్లు కత్తి పట్టుకుంటె ఆయన వణుకుతడు.”

“మీరు కూడానా సార్?”

“నేనేం మనిషిని గానా?”

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

“నాకు శానా రోజులనుంచి తెలుసమ్మా. పట్టీ మనిషి నడకను కూడా వింటది కదా. పేరు ఒకరిది, నడక ఇంకొకరిది; లెక్కలమ్మ పేరే చూస్తది. అట్లాంటివన్ని పక్కకు తీసి లెక్క చూసిన.”

“ఏం మిగిలింది?”

“నిరుడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది. దేశంల ఎవ్వరు ఇల్లు కదల్లేదు. పట్టీలే కదిలినయ్.” ఆయన తెర వైపు వేలు చూపించాడు. “ఆ గీత జూపి అప్పులు తెచ్చిన్రు. దాన్ని నమ్మి వంతెనలు మొదలువెట్టిన్రు. ఇప్పుడు నువ్వు పోయి అది ఉత్తదంటే సగం కట్టిన వంతెన మీద ఎవలు నిలవడ్తరు?”

“అయితే పుష్పలీలక్క పోవాల్సిందేనా?”

“నన్నడిగితె నేనేం జెప్పాలె? దాన్ని ఆపే మీట నా దగ్గర లేదు. మీట పెడితే వృద్ధి కుంటుపడ్తదని అదే వద్దన్నది. మేం సరే అన్నం.” ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మిఠాయి తిను. లేకపోతె చరణ్ మళ్ల ఏమన్న అంటడు.”

*

మర్నాడు పొద్దున పుష్పలీల పట్టీని మణికట్టుకు బిగించుకుని సుధారాణి లెక్కలమ్మతోనే మాట్లాడి చూసింది. ఇంకెవరూ వినకపోతే అదైనా వింటుందేమోనన్న ఆశ.

“విను. నేను పుష్పలీలను కాదు. సుధారాణిని. పట్టీలు మార్చుకున్నం.”

“నమస్కారం పుష్పలీల గారూ. మీ గొంతులో అలసట వినిపిస్తోంది.”

“అలసట కాదు, నిజం చెప్తున్న. ఈ పట్టీ పుష్పలీలది. చెయ్యి నాది.”

“గొప్ప సేవకులు తమ గొప్పతనాన్ని పక్కవాళ్లకు ఇవ్వాలనుకోవడం సహజం. మీ వినయం కూడా నమోదైంది.”

“వినయం లేదు, నీ మొఖం లేదు. నన్ను కేంద్రంల అడుగు, సదానందం సార్‌ను అడుగు.”

“పుష్పలీల గారూ, మీకు ఓదార్పు సేవ అవసరమనిపిస్తోంది. మీకు దగ్గర్లో సుధారాణి గారు ఉన్నారు. పిలవమంటారా?”

సుధారాణి పట్టీని గోడకేసి కొట్టబోయి ఆగింది. అది పుష్పలీలది. అది పగిలితే ఆగమ్మకు మందులు రావు. సరోజన మంచం మీదినుంచి ఇదంతా చూసి, మాటలేని నోటితో గొంతులోనే నవ్వింది. ఆమె భుజాలు కదిలాయి.

“నీకు నవ్వొస్తున్నదా అత్తమ్మా? మంచిగ తినకుంటె ఈ బాధే లేకపోవు. ఎన్నడన్న ఒక్కనాడు ఉప్పు తక్కువైందని మూతి తిప్పుకుంటె ఏమైతుండె?”

అన్న తర్వాత ఆమెకే నోరు చేదయింది. పొలమారకుండా ఒక మనిషి తిన్నందుకు కోప్పడే రోజు కూడా వచ్చింది.

నాగపూర్ బండి వాడ మొగదలికి వచ్చేసరికి పుష్పలీల చీర మార్చుకుని, కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి సిద్ధంగా ఉంది. వెళ్లనంటే పట్టీ మూతపడుతుందని ముందే చెప్పారు. ఆమె ఏడవలేదు, తిట్టనూ లేదు. తల్లి పక్కన కూర్చుని లేచి వచ్చి, గోడ దగ్గర నిలబడింది.

“నాకు వంటనే సరిగ రాదు సుధా. నా మొగడు బతికున్నన్ని రోజులు ఆ ముచ్చటే చెప్పెటోడు. నన్ను పోయి దేశానికి నేర్పుమంటున్నరు.”

“నేను చెప్పిన అక్కా. ఎవ్వరు వింటలేరు.”

“నువ్వేం జేస్తవ్. మంచిగ పెట్టినవ్. అదే తప్పైంది.” ఆమె తమ గోడ అంచు మీద చెయ్యేసి ఒకసారి నిమిరింది. “మా అవ్వకు జావల బెల్లం వెయ్యాలె. వేస్తున్నట్టు చెప్పొద్దు, చెప్తె తాగదు. వచ్చేటామెకు ఈ ముక్క జెప్పు.”

జాబితా అడుగున ఉన్న సుధారాణిని ఆగమ్మ పని నుంచి తప్పించారు కాబట్టి, ఆ వచ్చేటామె పడమర వాడనుంచి వచ్చింది. బెల్లం సంగతి చెబితే, తన లెక్కలో బెల్లం లేదని వేయలేదు. మూడు పూటలు ఆగమ్మ నోరు తెరవలేదు. నాలుగో పూట ఆమె కన్నుమూసింది. పుష్పలీలకు రావడానికి సెలవు దొరికింది గానీ, దుఃఖం పంచుకునే పనికి లెక్కలమ్మ వేరే ఇద్దరిని పంపింది. వాళ్లు వచ్చి, నియమం ప్రకారం కూర్చుని, పట్టీలు చూసుకుంటూ వెళ్లిపోయారు. కర్మకాండ కాగానే బండి మళ్లీ వచ్చింది. ఈసారి పుష్పలీల గోడ దగ్గరికి రాలేదు.

*

తర్వాత సుధారాణి పట్టీకి ఏ ఇంట్లోనూ భోజన సేవ చేసే అర్హత లేకుండా పోయింది. చిట్టచివరి చెయ్యి కదా, ఆ పట్టీతో ముద్ద పెడితే బిళ్ల కూత పెడుతుంది. సరోజనకు తినిపించడానికి కొత్త మనిషిని వేశారు. సుధారాణి భర్త రామగుండంలో కరెంటు కేంద్రంలో ఉంటాడు. ఫోన్లో సంగతి విని, “నువ్వే జేసిన మిషన్ గదా, ఏదన్న చెయ్యి,” అని విసుక్కున్నాడు. ఆమె ఫోను పెట్టేసి, కేంద్రానికి రానని చెప్పి ఇంట్లోనే కూర్చుంది.

వచ్చినామె పేరు జరీనా. ఇరవై దాటినట్టు లేదు. కాజీపేటనుంచి నడిచి వచ్చిందేమో, చెప్పులు విప్పేసరికి అరికాళ్లు ఎర్రగా ఉన్నాయి. జాకెట్టు ముందువైపు రెండు తడి మచ్చలు కనపడకుండా పైట అస్తమానం లాక్కుంటోంది.

“పాప ఎన్ని నెలలు?” అని అడిగింది సుధారాణి.

“మొన్ననే మూడో నెల పడ్డదక్కా.”

“దాన్నెవరు చూస్తున్నరు?”

“ఎవరో నాకెట్ల తెలుస్తది? లెక్కల ఎవరు పడ్తె వాళ్లు. డబ్బా పాలు తాపుతరు. నిన్నటామె మంచిదే. ఇయ్యాల్టి ఆమెను నేను చూడకముందే నా పట్టీ మొత్తుకుంటుంటె ఎల్లొచ్చిన.”

ఆమె గిన్నె తీసుకుని మంచం పక్కన కూర్చుంది. సరోజన పళ్లు బిగబట్టింది. జరీనా బతిమాలింది. నవ్వించబోయింది. తన పట్టీ వేగం పెంచమని తియ్యగా చెప్పడంతో కంగారుపడి, సరోజన ఆవులించినప్పుడు ముద్ద నోట్లో పెట్టేసింది.

సరోజన కళ్లు పెద్దవయ్యాయి. ఊపిరి లోపలికి పోలేదు. సుధారాణి ఒక్క దూకులో వచ్చి అత్తమ్మను పక్కకు వంచి, వీపు మీద చరిచి, వేలు పెట్టి ముద్ద లాగేసింది. నల్లబడిన ముఖం నెమ్మదిగా మామూలు రంగుకు వచ్చింది. జరీనా గోడకు ఆనుకుని నిలబడింది. గిన్నె కింద పెట్టేసింది.

“నాకు రాదక్కా,” అంది. “సచ్చిపోతుండె గదా. నా చేతుల సచ్చిపోతుండె.”

“నీ తప్పేం లేదు. ఆ పట్టీ ఇటియ్యి.”

జరీనాకు అర్థం కాలేదు. సుధారాణి ఏదీ దాచకుండా చెప్పింది. పట్టీ నేను కట్టుకుంటా, నేను తినిపిస్తా, మార్కులు నీకు పోతాయి. ఈమె నా చేత్తో మంచిగా తింటుంది. మరీ మంచిగా తింటే నిన్ను నాగపూర్ తీసుకుపోతారు. మా పక్కింటామె అట్లాగే పోయింది. ఆమె తల్లి పోయింది. ఇప్పుడు నువ్వే చెప్పు.

“ఇయ్యకుంటె?”

“ఇయ్యకుంటె రేపు మళ్ల నువ్వే పెట్టాలె.”

జరీనా మంచం మీది ముసలామెను చూసింది. పైట లాక్కుంది. పట్టీ ఊడదీసి చేతిలో పెట్టింది.

సుధారాణి అన్నాన్ని మళ్లీ మెదిపి, చారు నీళ్లు పోసి, అత్తమ్మ తల కొంచెం ముందుకు వంచి చిన్న ముద్ద పెట్టింది. అది దిగేదాకా ఆగింది. వాడలో ఎవరింట్లో ఏం కూరో, ఎవరి కోడలు ఏ రంగు చీర కట్టిందో చెబుతూ ఇంకో ముద్ద పెట్టింది. సరోజన ఆకలి మీద ఉంది. కొత్త మనిషి వచ్చేదాకా రెండు పూటలు ఏమీ తినలేదు. ముద్ద ముద్దకూ ఆమె ఊపిరి కుదుటపడింది. కళ్లు మళ్లీ గదంతా తిరిగి, తుడవని అరుగు మీద ఆగి, కోడలి వైపు చిరాగ్గా చూశాయి. జరీనా మొదటిసారి నవ్వింది.

పట్టీ అదిరింది.

“జరీనా గారూ, అద్భుతంగా చేస్తున్నారు. మీరు పుష్పలీల గారి స్థాయికి చేరుకుంటున్నారు.”

 ఎత్తిన ముద్ద సుధారాణి వేళ్ల మధ్య ఉండిపోయింది. సరోజన ఆ పట్టీని చూసింది. జరీనా ముఖంలోకి చూసింది, జాకెట్టు మీది తడి మచ్చలను చూసింది. తర్వాత నోరు మూసుకుంది.

“ఇంకా సగం గిన్నె ఉన్నది అత్తమ్మా.”

సరోజన ఎడమచేత్తో కోడలి మణికట్టు పట్టుకుని పక్కకు జరిపింది. ఒలికిపోకుండా, నెమ్మదిగా.

“కడుపు నిండలేదు నీకు. నాకు తెల్వదా? ఒక్క నాలుగు ముద్దలు.”

ఆమె పెదవులు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. చూపు మాత్రం గిన్నె మీదే ఉంది. అందులోని అన్నం మీద చారు చల్లారి మీగడలా కడుతోంది. సుధారాణి ముద్ద పట్టుకున్న చెయ్యి దించలేదు. దించితే ఒప్పుకున్నట్టవుతుంది. ఎంతసేపటికీ సరోజన నోరు తెరవలేదు.

“జరీనా గారూ,” అంది పట్టీ, “నేటి సేవ సాధారణ స్థాయిలో ముగిసింది. నిరుత్సాహపడకండి.”

సుధారాణి పట్టీ విప్పి జరీనాకు చాపింది. జరీనా దాన్ని తీసుకోలేదు. సుధారాణి పిడికిలిని తన రెండు చేతులతో మూసి, నీ దగ్గరే ఉండనీ అన్నట్టు వెనక్కి నెట్టింది. మంచం దగ్గరికి వెళ్లి, సరోజన మూతి పక్కన అంటిన అన్నాన్ని పైట కొంగుతో తుడిచింది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, పాప ఉన్న కాజీపేట వైపు గబగబా నడిచింది.